దూరితే గానీ నోరు విప్పని మా మరిది

మా మరిది హెర్మీనియో తల బయట ఉన్నంతసేపూ మాట్లాడడు. అదే తల ఏ ఇరుకు సందులోనైనా దూరిందా, ఇక ఆపడు. ఓర్తా రేవులో ఎవరినైనా అడగండి, ఇదే చెబుతారు. అతని గొంతు ఎలా ఉంటుందో ఊళ్ళో అందరికీ తెలుసు గానీ, ఆ గొంతు ఆ మొహంలోంచి రావడం చూసినవాళ్ళు చాలా తక్కువ.

పడవల్లో కరెంటు సామాను బాగుచెయ్యడం అతని పని. వేసవి వచ్చిందంటే అట్లాంటిక్ దాటే పడవలన్నీ మా దీవి దగ్గర ఆగుతాయి, ప్రతి పడవా ఏదో ఒకటి పాడుచేసుకునే వస్తుంది. పడవలు కట్టేవాళ్ళకి మనుషుల మీద ఏదో పాత కక్ష ఉన్నట్టుంది. పాడయ్యే సామాను ప్రతిదాన్నీ మనిషి పట్టని చోట చూసి మరీ పెడతారు. మా మరిదేమో బీరువాకి కాళ్ళూ చేతులూ మొలిచినట్టుంటాడు. ముందు ఊపిరంతా వదిలేసి, ఒక భుజం లోపల పెట్టి, దాని వెనకాలే రెండోదాన్ని ఎలాగో తీసుకెళ్ళి, పొట్ట దగ్గరికొచ్చేసరికి ఓ క్షణం ఆగి, "ఊఁ" అని దాన్నీ లాక్కుంటాడు. చివరికి బయట మిగిలేవి మోకాళ్ళ కింద కాళ్ళు, వాటికి రెండు పెద్ద బూట్లు. అప్పుడు లోపల్నుంచి వినబడుతుంది, గుడిలో పాటగాడి గొంతులా నిండుగా: "అయితే కెప్టెన్, సముద్రం ఎలా చూసుకుంది మిమ్మల్ని?"

మా రేవుకి అతని మొహం కన్నా బూట్ల అడుగులే బాగా గుర్తు. ఒక ఆదివారం గుడి మెట్ల మీద పాద్రి గారు అతన్ని చూసి చూడనట్టు వెళ్ళిపోయారు. నేను అడిగితే, "ఏమనుకోకు జుల్మీరా, నిలబడి ఉంటే పోల్చుకోలేకపోయాను" అన్నారు.

ఫిర్మినో కాఫీ కొట్లో అయితే వేళ్ళతోనే వ్యవహారం. ఒక వేలెత్తితే కాఫీ. రెండెత్తితే కాఫీతో పాటు జున్ను పెట్టిన రొట్టె. ఒకరోజు అక్కడ నిలబడి గట్టిగా తుమ్మాడు. హెర్మీనియో నోట్లోంచి అంత పొడుగు మాట ఎన్నడూ విని ఉండని ఫిర్మినో హడిలిపోయి, అడక్కుండానే గ్లాసుడు బ్రాందీ పోసి చేతిలో పెట్టాడు.

పెళ్ళి సంగతీ అంతే అయింది. మా అత్తగారు పీకో దీవి నుంచి ఒక సంబంధం తెప్పించారు. అమ్మాయీ, తండ్రీ వచ్చి కూర్చున్నారు. గొడ్డుమాంసం పులుసులో రొట్టె నానిపోయి చల్లారిపోతోంది గానీ మావాడు నోరు తెరవడు. అత్తగారు చూసి చూసి, "నాయనా, వంటింట్లో తొట్టి కింద గొట్టం కారుతోందిరా" అన్నారు. గొట్టానికేమీ కాలేదు. అయినా వెళ్ళి దూరాడు. దూరగానే మొదలైంది: మీ ద్రాక్షతోటకి ఈసారి బూజు పట్టిందా, మీ వైపు రాతిగోడలు ఎవరు పేరుస్తున్నారు, అమ్మాయిగారూ మీకు ఫెర్రీలో ఒడ్డొచ్చేదాకా కడుపులో తిప్పుతుందా, లేక దిగాక తిప్పుతుందా? ఆ పిల్ల నేల మీద చతికిలబడి, బూట్ల ముందు కూర్చుని, పొట్ట పట్టుకుని నవ్వింది. కాసేపటికి మావాడు బయటికొచ్చి, చేతులు తుడుచుకుని, కుర్చీలో కూర్చుని, మళ్ళీ బీరువా అయిపోయాడు. తండ్రి లేచి టోపీ తీసుకున్నాడు.

"అబ్బాయి బంగారం లాంటివాడు, కాదనను. కానీ అమ్మగారూ, మా పిల్లని రెండు బూట్లకిచ్చి చేశానని ఊళ్ళో ఎలా చెప్పుకోమంటారు?"

రేవు గట్టు మీద పడవ సామాన్ల కొట్టు నాది. పని ఒప్పుకునేది నేను, చేసేది అతను, తిట్లు తినేది మళ్ళీ నేను. ఎందుకంటే అతని పని ఎప్పుడూ అనుకున్న వేళకి తెమలదు. "పొద్దున దూరాడమ్మా, భోజనాల వేళ దాటింది, ఇంకా అక్కడే ఉన్నాడు. చేస్తున్నాడా, కాపురం పెట్టాడా?" అని పడవలవాళ్ళు నా మీదికి వస్తారు. "జాగా ఇరుకండీ" అంటాను. ఆ మాట ఇన్ని వేసవులుగా ఎంతమందితో అన్నానో, ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా అదే అంటాను.

ఒకసారి కెనడా నుంచి ఒక జంట వచ్చింది. దార్లో తుపానులో తెరచాప దించడం మీద తగువొచ్చి, అప్పట్నుంచీ మొగుడూ పెళ్ళాం మాటల్లేవు. ఒకే పడవ, నడిసముద్రం, మాటల్లేవు! హెర్మీనియో వాళ్ళ మంచం కింద బ్యాటరీల దగ్గర దూరాడు. కుడి బూటు పక్కన ఆవిడ, ఎడమ బూటు పక్కన ఆయన.

"నేను దించమన్నప్పుడే దించి ఉంటే చాప చిరిగేది కాదని చెప్పు ఆయనతో" అంది ఆవిడ కుడి బూటుతో.

"కెప్టెన్, అమ్మగారు ఏదో అంటున్నారు. నాకు సరిగ్గా వినబడలేదు, అడిగి చెప్పండి" అంది లోపలి గొంతు.

"దించమన్నావని నాకు వినబడలేదని చెప్పు" అన్నాడాయన ఎడమ బూటుతో.

"అమ్మా, ఆయనకీ వినబడలేదట. ఇక్కడ మోటారు చప్పుడు. అక్కడ గాలి చప్పుడు కాబోలు. కాస్త దగ్గరికెళ్ళి చెప్పండి."

బ్యాటరీ వైరు బిగించడానికి ఎంతసేపు పడుతుంది? ఆ రోజు సాయంత్రం దాకా పట్టింది. బయటికొచ్చేసరికి ఆ ఇద్దరూ మంచం మీద ఒకరి భుజం మీద ఒకరు తల పెట్టుకుని కూర్చున్నారు. మంచం అడుగునుంచి బీరువా అంత మనిషి పాక్కుంటూ వెళ్ళిపోవడం ఇద్దరిలో ఒక్కరూ చూడలేదు.

ఇక అసలు సంగతికి వస్తాను.

వానలు వెనకబట్టిన రోజుల్లో "గ్రేతా" అనే పడవ వచ్చి మా గట్టుకి కట్టుకుంది. అందులో ఒక్కడే ముసలాయన, పేరు వైబ్రెన్. హాలండులో ఉత్తరాన ఫ్రీస్‌లండ్ ఆయనది. తెరచాప కొయ్యలా పొడుగ్గా, సన్నగా ఉన్నాడు. కళ్ళు చూస్తే ఉప్పునీళ్ళలో ఊరబెట్టినట్టున్నాయి. కొట్లోకి వచ్చి, "చుక్కాని సెన్సర్. కొత్తది. ఇవాళే బిగించాలి" అన్నాడు. అంతే. నమస్కారం కూడా లేదు.

పడవ తనంతట తాను దారిలో పోవడానికి ఆటోపైలట్ ఉంటుంది కదా, ఆ ఆటోపైలట్‌కి చుక్కాని ఎటు తిరిగి ఉందో ఎప్పటికప్పుడు చెప్పేది ఈ సెన్సరే. అరచేతిలో పట్టేంత డబ్బా, దానికో చిన్న చెయ్యి. ఆ చేతికీ చుక్కానికీ మధ్య ఒక కడ్డీ. చుక్కాని కదిలితే కడ్డీ కదులుతుంది, కడ్డీ కదిలితే డబ్బా కబురు చెబుతుంది. ఈయన పడవలో ఒక పెద్ద అలకి ఆ డబ్బా ఊడి, కడ్డీ విరిగింది. ఆ తర్వాత ఆటోపైలట్ కళ్ళకి గంతలు కట్టిన గుర్రమైపోయి, పడవని గిరగిరా తిప్పడం మొదలుపెట్టింది. చేసేది లేక ముసలాయన వారం పైగా పగలూ రాత్రీ తన చేతులతోనే చక్రం పట్టుకుని మా దాకా వచ్చాడు.

"ఇవాళ బిగించి ఇస్తాం గానీ, ముందు కాస్త పడుకోండి కెప్టెన్" అన్నాను.

"పడుకోను. మధ్యాహ్నం బయల్దేరతాను."

"మధ్యాహ్నమా? గాలి వస్తోందంటున్నారు."

"గాలి కోసమేనమ్మా తెరచాపలు పెట్టుకునేది."

ఫిర్మినో వెళ్ళి చెప్పాడు, ఎదురుగా పీకో కొండ నెత్తిన మబ్బు టోపీ కూర్చుంది, అది తుపాను గుర్తు, చూడమని. చూడలేదు. రేవు కాపలాదారు లాజరో వాతావరణం కాగితం తెచ్చి చూపించాడు. ముసలాయన దాన్ని మడిచి గట్టుకీ పడవకీ మధ్య పెట్టాడు, పడవ గీసుకోకుండా. చివరికి ఎవరో అసలు కారణం రాబట్టారు. స్యూర్డ్ అని ఆయనకి ఒక తమ్ముడున్నాడు. ఈ వయసులో ఒంటరిగా సముద్రం దాటడం నీవల్ల కాదు అన్నాడట. నీ పుట్టినరోజు నాటికి నీ ఇంటి ముందు కాలవలో పడవ కట్టి చూపిస్తాను అని ఈయన ఊరంతటి ముందూ అన్నాడట. ఆ పుట్టినరోజు దగ్గరపడింది. అంతే, దానికోసం నిద్ర లేని కళ్ళతో తుపానులోకి పోతాడట.

హెర్మీనియోకి నేను ఇదంతా చెప్పాను. అతను తల ఊపాడు. సంచీ తీసుకుని వెళ్ళాడు.

గ్రేతాలో చక్రం వెనక కూర్చునే బల్ల కింద ఒక చిన్న తలుపుంది, రొట్టెల పొయ్యి మూతంత. చుక్కాని తల ఆ లోపలుంది. మావాడు దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఎంత చిన్నదో చేత్తో కొలిచి, సంచీలోంచి చిన్న అద్దం తీసి పళ్ళ మధ్య పెట్టుకుని, ఊపిరి వదిలి, భుజం పెట్టాడు. పొట్ట దగ్గర ఈసారి చాలాసేపు ఆగాడు. పడవ మొత్తం కొంచెం పక్కకి ఒరిగింది. తర్వాత బూట్లు మిగిలాయి.

"గంటలో అయిపోవాలి" అన్నాడు వైబ్రెన్ బూట్లతో.

"మీరు చక్రం దగ్గరుంటే అయిపోతుంది కెప్టెన్. నేను చెప్పినప్పుడు తిప్పాలి. చుక్కాని చెయ్యీ డబ్బా చెయ్యీ ఒకే వరసలో, ఒకే ఎత్తులో కదలాలి. లేకపోతే మీ ఆటోపైలట్ మిమ్మల్ని ఫ్రీస్‌లండ్ అని చెప్పి ఆఫ్రికాకి తీసుకెళ్తుంది. ఎడమకి తిప్పండి. ఇంకా. ఆపండి. మీకు తమ్ముడొక్కడేనా?"

"ఒక్కడే. ఒక్కడు చాలు."

"కుడికి. ఆయనకీ పడవుందా?"

"ఉంది. దాన్ని పడవ అనుకుంటున్నాడు."

డబ్బాకి సరిపోయే పొడుగు మర తక్కువైందని కేకేస్తే, దాన్ని కొట్లోంచి తీసుకెళ్ళింది నేనే. బల్ల కిందికి అందించి, గట్టు మీద చేపల పెట్టె ఒకటి బోర్లించుకుని కూర్చున్నాను. ఆ లోపలి అవస్థ చూడాలి! ఒక్క ఎడమ చెయ్యే పడుతుంది, ఆ చెయ్యి కూడా కంటికి కనబడదు, నోట్లోని అద్దంలో చూసుకుని మర తిప్పాలి. అద్దం పళ్ళ మధ్య ఉన్నంతసేపూ ఊరుకున్నాడేమో అనుకుంటారు. అద్దంతోనే మాట్లాడాడు.

"హమ్ముడికి హయసెంత?"

"ఏంటీ?"

అద్దం తీసిన చప్పుడైంది. "తమ్ముడికి వయసెంత?"

మొదట నిలబడే జవాబులు చెప్పాడు వైబ్రెన్. తర్వాత మాట సరిగ్గా వినబడటం లేదని బల్ల మీద కూర్చున్నాడు. ఇంకాస్సేపటికి కింద, బూట్ల పక్కన నేల మీదే కూర్చుని, చక్రం అడుగు పుల్ల పట్టుకుని తిప్పడం మొదలుపెట్టాడు. కొట్లో నాలుగు ముక్కలు మాట్లాడని మనిషి, ఆ బూట్లకి ఒకటొకటిగా అన్నీ చెప్పుకుంటున్నాడు. ఇద్దరిదీ సగం వచ్చిన ఇంగ్లీషే. అయినా ఎక్కడా ఆగలేదు.

"చక్రం పట్టిన మూడో రాత్రి స్యూర్డ్ వచ్చాడు" అన్నాడు.

"ఎక్కడికి?"

"పడవలోకి. నడిసముద్రంలో. నా పక్కనే కూర్చున్నాడు. నిద్ర లేకపోతే అలా కనబడతారట, నాకు తెలుసు. కానీ కూర్చున్నాడు."

"కొంచెం ఎడమకి. ఏమన్నాడు?"

"చక్రం నాకివ్వు, నువ్వు పడుకో అన్నాడు. నీకు పట్టుకోవడం రాదు అని తిట్టాను. ఆకలేస్తోందన్నాడు. రొట్టె ఇచ్చాను."

"తిన్నాడా?"

"లేదు. పొద్దున చూస్తే మాయం."

"రొట్టా, తమ్ముడా?"

"ఇద్దరూ."

లోపల్నుంచి నవ్వు. ముసలాయన కూడా నవ్వాడు, గొళ్ళెం తుప్పు పట్టిన తలుపు తెరుచుకున్నట్టు. ఆ పైన మెల్లిగా అన్నాడు, "నాకు భయమేసింది. ఈ మాట స్యూర్డ్‌కి చెప్పకు."

"నాకు బయట మాటలు రావు కెప్టెన్, ఎవరినైనా అడగండి. కుడికి తిప్పండి."

చక్రం కదల్లేదు.

"కొంచెం కుడికి, కెప్టెన్."

చూస్తే ముసలాయన తల వాలిపోయి ఉంది. మెల్లగా ఇంకా వాలి, ఒరిగి, వచ్చి మా మరిది పిక్కల మీద ఆగింది. ఒక చెయ్యి బూటుని పట్టుకుంది. గురక మొదలైంది.

బూట్లు రాయిలా ఆగిపోయాయి.

నేను చప్పుడు కాకుండా పడవ ఎక్కి చూశాను. చక్రం పక్కనున్న చిన్న తెర మీద చుక్కాని అంకె సరిగ్గా సున్నా చూపిస్తోంది. అంటే ఏమిటి? డబ్బా ఎక్కింది, కడ్డీ కుదిరింది, పని అయిపోయింది. పడవ వెనక గాలి కోసం పెట్టిన గొట్టముంటే దాంట్లో మూతి పెట్టి గుసగుసగా అడిగాను.

"హెర్మీనియో, అయిపోయిందా?"

"ఎప్పుడో అయిపోయింది వదినా." అతను కూడా గుసగుసే.

"మరి ఈ ఎడమకి, కుడికి ఏమిటి?"

"మాట తెగిపోకుండా వదినా."

అప్పుడు కదా నాకు వెలిగింది! మంచం కింద సాయంత్రం దాకా బిగించిన బ్యాటరీ వైరూ, ఇన్ని వేసవుల ఆలస్యాలూ అన్నీ కళ్ళముందు తిరిగాయి. "అంటే ఇన్నాళ్ళూ పని అయిపోయాక కూడా లోపలే పడి ఉంటున్నావా నువ్వు?"

"అన్నిసార్లూ కాదు. వారాల తరబడి ఒంటరిగా వచ్చినవాళ్ళకి మొహం చూసి మాట్లాడాలంటే కష్టం వదినా. నాకు తెలుసుగా ఆ కష్టం. బూట్లని చూస్తే ఎవరికీ బెదురుండదు."

"సరే, ఇప్పుడు బయటికి రా. కాళ్ళు పడిపోతాయి."

"లాక్కుంటే లేస్తాడు. లేస్తే తాళ్ళు విప్పుకుని పోతాడు. నువ్వు వెళ్ళి వాళ్ళని ఊరుకోబెట్టు, వస్తున్నారు."

నిజంగానే వస్తున్నారు. హెర్మీనియో ఇరుక్కుపోయాడని ఎవరు పుట్టించారో, ఫిర్మినో ఒక సీసా ఆలివ్ నూనెతో, లాజరో తాడుతో, వెనకాల సగం రేవుతో గట్టు మీద పరుగెత్తుకొస్తున్నారు.

"నూనె కాదు, వెన్న రాయాలి!" అని అరుస్తున్నాడు లాజరో.

"వెన్న రాస్తే పట్టు దొరకదు, ఎలా లాగుతావ్?"

నేను చేతులు ఊపేలోగా కుడి బూటు పైకి లేచి, అటూ ఇటూ ఊగింది: వద్దు. అందరూ ఆగిపోయారు. అప్పుడు బూటు ముక్కు మెల్లగా కిందికి వాలి, ముసలాయన తల వైపు చూపించింది. ఆ బూటు మాటలు మా రేవులో అందరికీ వచ్చు. ఫిర్మినో టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు.

ఆ తర్వాత సాయంత్రం దాకా ఓర్తా రేవు గుసగుసల్లోనే నడిచింది. ఫిర్మినో రేడియో కట్టేశాడు. గట్టు మీద సుత్తి పట్టుకున్న వడ్రంగి సుత్తి దించి రంపం తీశాడు, రంపం కూడా చప్పుడు చేస్తుందని దాన్నీ దించి ఊరికే కూర్చున్నాడు. చేపలు వేలం వేసే మనిషి ధరలన్నీ వేళ్ళ మీద చూపించాడు. అప్పుడు గుర్తొచ్చింది, పీకో నుంచి వచ్చే ఫెర్రీ! గట్టు దగ్గరికి రాగానే దాని హారన్ చచ్చినవాళ్ళని లేపుతుంది. లాజరో వైర్‌లెస్ పట్టుకుని ఫెర్రీ కెప్టెన్‌ని పిలిచాడు.

"ఈ ఒక్కసారికీ కూత వెయ్యకండి సార్."

"ఎందుకు? ఎవరైనా పోయారా?"

"లేదు, పడుకున్నారు."

"ఎవరూ?"

"ఒక హాలండు ముసలాయన. హెర్మీనియో కాళ్ళ మీద."

కాసేపు వైర్‌లెస్‌లో గరగర. "హెర్మీనియో కాళ్ళ మీదా? ముందే చెప్పొద్దూ!" అని, ఆ పెద్ద ఫెర్రీని కెప్టెన్ దొంగపిల్లిలా తెచ్చి గట్టుకి ఆనించాడు. దిగేవాళ్ళందర్నీ చెప్పులు చేత్తో పట్టుకోమన్నాడని చెప్పుకుంటారు. అది నేను చూడలేదు గానీ నమ్ముతాను.

గుడి గంట మాత్రం మా చేతిలో లేదు. అది మోగగానే అందరం ఊపిరి బిగబట్టాం. ముసలాయన, "వస్తున్నా స్యూర్డ్, వస్తున్నా" అని గొణిగి, తల ఎత్తి, కుడి పిక్క మీంచి ఎడమ పిక్క మీదికి మార్చుకుని మళ్ళీ గురక పెట్టాడు.

చీకటి పడకముందే గాలి విరుచుకుపడింది. వాన కూడా తోడైంది. ఆయనకీ ఆ కాళ్ళకీ తడి తగలకుండా ఫిర్మినో, వడ్రంగీ, నేనూ ఒక టార్పాలిన్ పట్టుకుని నిలబడ్డాం. అడ్డుగోడ అవతల సముద్రం తెల్లగా లేచి పడుతోంది. మధ్యాహ్నం బయల్దేరి ఉంటే ఆ ముసలాయన ఇప్పుడు సరిగ్గా దాని మధ్యలో ఉండేవాడు. ఆ మాట మాలో ఎవరూ పైకి అనలేదు.

ఒక పెద్ద అల గోడకి కొట్టిన చప్పుడికి లేచాడు. కళ్ళు నులుముకున్నాడు. టార్పాలినూ, దాన్ని పట్టుకున్న మమ్మల్నీ, చెంప కింద పిక్కల్నీ ఒకదాని తర్వాత ఒకటి చూశాడు.

"నేను... పడుకున్నానా?"

మేం నోరు తెరిచేలోగా లోపల్నుంచి గొంతు వచ్చింది, ఏమీ జరగనట్టు, నిక్షేపంలా:

"ఇప్పుడే ఒక్క రెప్ప వాల్చారు కెప్టెన్. అలాగే కొంచెం కుడికి తిప్పండి."

ముసలాయన కుడికి తిప్పాడు. తిప్పి, తలెత్తి ఆకాశం చూశాడు, సముద్రం చూశాడు. చాలాసేపు చూశాడు. ఆ తర్వాత బూట్ల మీద ఎగిరిపడ్డాడు.

"ఇంకా అవలేదా? గంట పని అన్నారు! నీ నత్తనడక వల్ల నా ఇవాళ్టి ప్రయాణం పోయింది, తెలుసా? ఇప్పుడిక ఈ గాలి తగ్గేదాకా ఈ ఊళ్ళో పడి ఉండాలి నేను!"

"క్షమించండి కెప్టెన్" అన్నాయి బూట్లు. "జాగా ఇరుకు."

నేను పట్టుకున్న టార్పాలిన్ నవ్వుకి వణికి, దాని మీది వాననీళ్ళన్నీ ఫిర్మినో మెడలో పడ్డాయి. అతను కిక్కురుమనలేదు.

ఇంతా అయ్యాక మావాడు బయటికి రావాలి కదా. రాలేకపోయాడు. కాళ్ళు తిమ్మిరెక్కి కొయ్యలయ్యాయి, నడుము పట్టేసింది. ఫిర్మినో ఆలివ్ నూనె అప్పుడు అక్కరకొచ్చింది. లాజరో ఒక కాలూ వడ్రంగి ఒక కాలూ పట్టుకుని లాగుతుంటే, "ఇంత లావు మనిషి ఈ పనికెందుకు ఒప్పుకున్నాడసలు" అని గొణుగుతూ, అందరికన్నా బలంగా లాగింది వైబ్రెనే. బయటపడ్డాక హెర్మీనియో ఒళ్ళంతా నూనెతో లేచి నిలబడి, అందరి మొహాలూ చూసి, ఎర్రబడిపోయి, మాట రాక, ఫిర్మినో వైపు రెండు వేళ్ళెత్తాడు. ఆకలి మరి!

గాలి తగ్గడానికి కొన్నాళ్ళు పట్టింది. ఆ కొన్నాళ్ళూ వైబ్రెన్ మా ఇంట్లో పులుసూ రొట్టే అదే పనిగా తిన్నాడు, అంతకన్నా అదే పనిగా పడుకున్నాడు. తమ్ముడికి ఫోన్ చేసి, పుట్టినరోజుకి రాలేనని, ఇక్కడి ఎలక్ట్రీషియన్ ఒట్టి నత్త అని చెప్పాడు. అవతల తమ్ముడు ఎంత గట్టిగా ఏడ్చాడో, ఎంత గట్టిగా నవ్వాడో కొట్టంతా వినబడింది. "పుట్టినరోజు మళ్ళీ ఏడాదీ వస్తుందిరా అన్నయ్యా, నువ్వు మెల్లిగా రా" అన్నాడని ఈయనే మాకు తర్జుమా చేసి చెప్పాడు, గోడ వైపు తిరిగి.

బయల్దేరే రోజు గట్టు మీద అందరం చేరాం. ఎండ కాస్తోంది. పీకో కొండ నెత్తి ఖాళీగా ఉంది. హెర్మీనియో ఆఖరిసారి మరలు బిగువుగా ఉన్నాయో లేదో చూడటానికి బల్ల కింద దూరాడు. పడవ తాడు విప్పడానికి వంగిన నా పక్కకి వచ్చి ముసలాయన మెల్లగా అన్నాడు.

"జుల్మీరా గారూ, ఒక సంగతి. ఆ రోజు నేను లేచేసరికి నా చేతికి గడియారముంది. టైము చూసుకున్నాను."

నేను బిత్తరపోయి చూశాను.

"అతనికి చెప్పకండి" అన్నాడు.

పడవలోకి వెళ్ళి బల్ల ముందు నిలబడ్డాడు. ఏదో అనబోయి, గొంతు సవరించుకున్నాడు, రెండుసార్లు. చివరికి ఆ పొడుగు మనిషి మోకాళ్ళ మీద కూర్చుని, మా మరిది కుడి బూటుని రెండు చేతులా పట్టుకుని, పెద్దమనుషులు చెయ్యి కలుపుకున్నట్టు, పైకీ కిందికీ, పైకీ కిందికీ, గట్టిగా ఊపాడు.

లోపల ఒక్క మాట లేదు. మా మరిది తల సందులో ఉండగా నోరు మూసుకోవడం నేను వినడం అదే మొదలు. కాసేపటికి ఎడమ బూటు కూడా నేల మీంచి లేచి, ముసలాయన చేతుల్లోకి వచ్చింది.